వేడికి గడ్డకట్టే కంటి చుక్కలు

ఎండలు ముదిరాయంటే మన ఆసుపత్రి కంటి ఓపీలో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "సిస్టరమ్మా, మీరిచ్చిన చుక్కల మందు మధ్యాహ్నం బండిలో చూస్తే పాలలాగా తెల్లబడింది. రాత్రికి మళ్ళీ తేటపడింది. వేసుకోవచ్చా?" అని అడుగుతారు. అడిగేవారిలో ఎక్కువమంది ఆటోనగర్‌లో పనిచేసే వెల్డర్లు, మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, వారి ఇంటివారు.

సమాధానం ముందే చెబుతున్నాను. వేసుకోరాదు. ఆ సీసా పారవేసి కొత్తది తీసుకోవాలి. కానీ "వద్దు" అని ఊరుకుంటే ఎవరికీ గుర్తుండదు. మందు ఎందుకు తెల్లబడిందో, మళ్ళీ ఎందుకు తేటపడిందో తెలిస్తే ఎవరూ చెప్పకుండానే సీసాను నీడలో పెట్టుకుంటారు. అందుకే ఈ వ్యాసం.

చుక్కల్లో ఏముంటుంది?

వెల్డింగ్ పొగ, గ్రైండింగ్ దుమ్ము, రోడ్డు మీది వేడి గాలి, వయసు, షుగరు, రోజంతా కంప్యూటరు చూడడం, వీటివల్ల కళ్ళు పొడిబారతాయి. ఇసుక పడినట్లు గరగరలాడతాయి. అటువంటివారికి డాక్టరుగారు తరచుగా కృత్రిమ కన్నీళ్ళు అనే చుక్కలు రాస్తారు. ఉత్త నీళ్ళు వేస్తే కంటిలో నిలవవు, రెప్ప కొట్టగానే జారిపోతాయి. కాస్త జిగట ఉంటే కంటి మీద పొరలాగా కాసేపు నిలుస్తాయి. ఆ జిగట కోసం వేసేదే సెల్యులోజ్ నుంచి తయారైన పదార్థం.

సెల్యులోజ్ మనకు కొత్తది కాదు. పత్తి, కలప, గడ్డి, చెరకు పిప్పి, మనం తినే ఆకుకూరల పీచు, అన్నిటిలోనూ ఉన్నది అదే. 1838లో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ దానిని మొక్కల నుంచి వేరుచేశాడు. పత్తి దాదాపు పూర్తిగా సెల్యులోజే. మన గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో పత్తి పండించేవారికి గింజకు అంటుకుని మిగిలిపోయే పొట్టి నూగు తెలిసే ఉంటుంది. మందులకు కావలసిన సెల్యులోజ్‌ను అటువంటి నూగు నుంచీ, కలప గుజ్జు నుంచీ తీస్తారు.

అయితే నూలు చీరను ఎన్నిసార్లు ఉతికినా నీళ్ళలో కరిగిపోదు కదా! సెల్యులోజ్ అణువులు పొడవైన దారాల్లాంటివి. అవి ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి గనుక నీరు లోపలికి చొరబడి వాటిని విడదీయలేదు. రసాయన శాస్త్రజ్ఞులు ఆ దారాల మీద అక్కడక్కడా మిథైల్ అనే చిన్న ముక్కలను అతికించారు. అప్పుడు దారాల పట్టు సడలి, నీరు వాటి మధ్యకు చేరి, తేటగా జిగటగా కరిగిపోతాయి. ఇదే మిథైల్ సెల్యులోజ్. దీనిని కంటి వైద్యంలో వాడడం గురించి అమెరికా కంటి డాక్టరు కెన్నెత్ స్వాన్ 1945లోనే రాశాడు. ఇప్పుడు చుక్కల సీసాల మీద ఎక్కువగా కనిపించేవి దాని తోబుట్టువులైన రెండు పేర్లు. ఒకటి హైడ్రాక్సీ ప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్, దీనినే హైప్రోమెలోజ్ అని కూడా అంటారు. రెండవది కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ సోడియం. ఈ రెండింటికీ ఒక పెద్ద తేడా ఉంది, అది తరువాత చెబుతాను.

కంటి శుక్లం ఆపరేషన్‌లోనూ హైప్రోమెలోజ్ పని చాలా ఉంది. నూటికి 2 పాళ్ళ చిక్కదనంతో సిరంజిలో వస్తుంది. డాక్టరుగారు దానిని కంటిలోకి ఎక్కించి, లోపలి సున్నితమైన పొరలకు పనిముట్లు తగలకుండా కాపాడి, లెన్సు పెట్టిన తరువాత కడిగి తీసివేస్తారు. మధురైలో 1992లో మొదలైన ఆరోలాబ్ సంస్థ తక్కువ ధరకు కంటి లెన్సులతో పాటు ఇటువంటి సిరంజిలనూ తయారుచేస్తోంది.

వంటింటి లెక్క తిరగబడుతుంది

గంజి వేడిగా ఉన్నప్పుడు పలచగా ఉంటుంది, చల్లారితే చిక్కబడుతుంది. చైనాగ్రాసు వేడిలో కరిగి, చల్లారితే గడ్డకడుతుంది. నెయ్యి కూడా అంతే. వేడికి కరగడం, చల్లదనానికి గట్టిపడడం మనం పుట్టినప్పటినుంచి చూస్తున్న సంగతి.

మిథైల్ సెల్యులోజ్, హైప్రోమెలోజ్ ద్రావణాలు దీనికి సరిగ్గా ఎదురు నడుస్తాయి. చల్లగా ఉన్నప్పుడు తేటగా పారుతాయి. వేడి చేస్తే తెల్లబడి గడ్డకడతాయి. చల్లారితే మళ్ళీ తేటపడి పారుతాయి. 1935లోనే హేమన్ అనే శాస్త్రవేత్త మిథైల్ సెల్యులోజ్‌లోని ఈ తలకిందుల గుణాన్ని పరిశీలించి ప్రచురించాడు.

నర్సింగ్ విద్యార్థినులకు ఇది చూపించడం చాలా తేలిక. గడువు దాటిన 2 శాతం హైప్రోమెలోజ్ సిరంజిలోని మందును చిన్న గాజు గొట్టంలో పోసి, టీ కాచేంత వేడినీళ్ళలో నిలబెట్టాలి. కొద్ది నిమిషాల్లో అద్దంలా ఉన్న మందు పాలరంగుకు మారి, గొట్టం వంచినా జారకుండా నిలుస్తుంది. తీసి చల్లనీళ్ళలో పెట్టి ఉంచితే మెల్లగా తేటపడుతుంది. కోడిగుడ్డు తెల్లసొనకూ జున్నుకూ ఇది కుదరదు. అవి ఒకసారి గట్టిపడ్డాక ఎంత చల్లార్చినా వెనక్కి రావు. హైప్రోమెలోజ్ వెనక్కి వస్తుంది.

మందుల తయారీలో ఈ పొడిని కలిపే పద్ధతి కూడా తిరగేసిన వంటే. మైదా పిండిని మరిగే నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది గనుక ముందు చల్లనీళ్ళలో కలుపుకుంటాం. హైప్రోమెలోజ్ పొడిని చల్లనీళ్ళలో ఒక్కసారిగా వేస్తే ఉండలు కడుతుంది. అందుచేత ముందు 80, 90 డిగ్రీల వేడినీళ్ళలో చల్లుతారు. ఆ వేడిలో అది కరగదు గనుక రేణువులు విడివిడిగా పరచుకుంటాయి. తరువాత చల్లనీళ్ళు పోసి కలిపితే ఉండలు లేకుండా కరుగుతుంది.

ఎందుకు ఇలా జరుగుతుంది?

పొడవైన నూలు దారం మీద అక్కడక్కడా నూనె చుక్కలు అద్దినట్లు ఊహించుకోండి. దారం నీటిని ఇష్టపడుతుంది. నూనె చుక్కలు ఇష్టపడవు. అతికించిన మిథైల్ ముక్కలు ఆ నూనె చుక్కల వంటివి. చల్లగా ఉన్నప్పుడు నీటి అణువులు చేయీ చేయీ పట్టుకుని ఒక్కొక్క నూనె చుక్క చుట్టూ దడి కట్టినట్లు నిలబడతాయి. దడి ఉన్నంతవరకు ఒక దారం మీది చుక్క ఇంకొక దారం మీది చుక్కను తాకలేదు. దారాలు విడివిడిగా తేలుతుంటాయి. మందు తేటగా ఉంటుంది.

వేడి పెరిగితే నీటి అణువులు కుదురుగా ఉండలేవు. పట్టుకున్న చేతులు విడిపోయి దడి కూలుతుంది. అప్పుడు చారు మీద నూనె బొట్లు ఒకదానితో ఒకటి కలిసినట్లు, దారాల మీది చుక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వేల దారాలు ఇలా ముడిపడితే వలలాగా తయారై నీటిని తనలో బంధిస్తుంది. అదే గడ్డకట్టడం.

ఇక్కడ రెండు సంగతులు కలిసి జరుగుతాయి, వేరుగా అర్థం చేసుకోవాలి. ఒకటి గడ్డకట్టడం. రెండవది విడిపోవడం, అంటే పదార్థం ఒకచోట చేరి నీటిని బయటకు నెట్టడం. తోడుకున్న పెరుగును కదిలిస్తే గడ్డ ఒకవైపు, తేట ఒకవైపు అయినట్లు. మందు తెల్లగా కనబడడం ఈ విడిపోవడానికి గుర్తు, లోపల సన్నని ముద్దలు ఏర్పడి వెలుగును అడ్డుకుంటున్నాయి. మందు చిక్కగా ఉంటే వల అల్లుకుని గడ్డ నిలుస్తుంది. సీసాలోని చుక్కల మందు చాలా పలచన గనుక వల పూర్తిగా అల్లుకోదు. తెల్లబడుతుంది, పీచులు తేలుతాయి, అంతే.

ఎంత వేడికి?

పదార్థాన్ని బట్టి మారుతుంది. మిథైల్ సెల్యులోజ్ దాదాపు 50 నుంచి 55 డిగ్రీల మధ్య గడ్డకడుతుంది. హైప్రోమెలోజ్‌లో రకాన్ని బట్టి 58 నుంచి 90 డిగ్రీల వరకు ఉంటుంది. కంటి మందుల్లో ఎక్కువగా వాడే రకానికి 60 డిగ్రీల దగ్గరే. ఇంకొక తోబుట్టువు హైడ్రాక్సీ ప్రొపైల్ సెల్యులోజ్ 40, 45 డిగ్రీలకే నీటి నుంచి విడిపోతుంది. మందులో ఉప్పు ఉంటే ఈ అంకెలు కొద్దిగా కిందకు దిగుతాయి, ఎందుకంటే ఉప్పు కూడా నీటిని తనవైపు లాగుకుంటుంది. కన్నీటికి సరిపోయేలా కంటి చుక్కల్లో ఉప్పు ఉంటుంది కదా.

"60 డిగ్రీల ఎండ మన బెజవాడలో కూడా లేదు కదండీ!" అంటారు. నీడలో లేదు. మే నెలలో నీడలోనే 42, 44 డిగ్రీలు చూస్తున్నాం. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల గంట తిరక్కుండానే బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువ కావచ్చు. డాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ. లారీ క్యాబిన్, ఆటో ముందు పెట్టె, మోటారు సైకిలు ట్యాంకు కవరు, రేకుల షెడ్డులో ఇనుప పనిముట్ల పెట్టె, ఇవన్నీ అంతే. ఆదివారం ఆరాధనకు వచ్చినప్పుడు చేతిసంచి కారులోనే వదిలితే, బయటికి వచ్చేసరికి అందులోని మందు ఉడికిపోయి ఉంటుంది.

మరో సంగతి. గడ్డకట్టిన వేడి దగ్గరే అది తిరిగి కరగదు. కరగడానికి ఇంకా బాగా చల్లబడాలి. మిథైల్ సెల్యులోజ్ అయితే 55 దగ్గర గట్టిపడి, 30, 35 డిగ్రీలకు దిగితే గాని పూర్తిగా విడదు. మన మే నెల రాత్రులు కూడా ఒక్కోసారి 30 దగ్గరే ఉంటాయి. మధ్యాహ్నం తెల్లబడిన మందు తేటపడడానికి రాత్రంతా పట్టడంలో ఆశ్చర్యం లేదు.

తేటపడితే బాగైనట్లేనా?

అసలు చెప్పవలసినది ఇక్కడ ఉంది. చల్లబడితే సెల్యులోజ్ వెనక్కి వస్తుంది. మిగతావి వెనక్కి రావు.

ఆ సీసాలో సెల్యులోజ్ ఒక్కటే లేదు. సూక్ష్మక్రిములు పెరగకుండా వేసిన పదార్థం ఉంది. కొన్ని సీసాల్లో అసలు మందు కూడా ఉంది. వేడికి పాడైన మందు చల్లారినంత మాత్రాన బాగుపడదు. ప్లాస్టిక్ సీసా వేడికి మెత్తబడి, లోపలి గాలి వ్యాకోచించి, మూతి దగ్గర మందు ఊరి ఆరిపోతుంది. ఆ మూతి ద్వారా బయటి మురికి లోపలికి పోతుంది.

చదువుకున్న పిల్లలు ఒక మంచి ప్రశ్న అడుగుతారు. "ఫ్యాక్టరీలో 121 డిగ్రీల ఆవిరిలో పెడతారు కదా, మన కారులోని 60 డిగ్రీలు ఏం చేస్తాయి?" నిజమే, హైప్రోమెలోజ్ ద్రావణాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టి శుద్ధి చేయవచ్చు. అక్కడ అది గడ్డకడుతుంది కూడా. కానీ అక్కడ ఇన్ని నిమిషాలని లెక్క ఉంది. తరువాత కదిలిస్తూ చల్లార్చి, సమంగా కరిగిందో లేదో, క్రిములు లేవో పరీక్షించి గాని బయటికి పంపరు. మన సీసా మూత అప్పటికే తీశాం. 60 డిగ్రీల్లో కాసేపు ఉన్నంత మాత్రాన అది శుద్ధి కాదు. పైగా వేడెక్కేటప్పుడూ, చల్లారేటప్పుడూ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. లోపల క్రిములు చేరి ఉంటే అవి పెరగడానికి అనువైన వేడి అదే.

ఇక ముందు చెప్పిన తేడా. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ సోడియం ఉన్న చుక్కలు వేడికి గడ్డకట్టవు. దాని దారాల మీద నూనె స్వభావపు ముక్కలు కాక విద్యుదావేశం ఉన్న ముక్కలు ఉంటాయి. అవి ఒకదానినొకటి నెట్టుకుంటాయి గనుక ముడిపడవు. వేడికి మందు పలచబడుతుంది, చల్లారితే మామూలవుతుంది. అంటే ఆ సీసా ఎంత ఉడికినా తేటగానే కనబడుతుంది. కాబట్టి "తెల్లబడలేదు గనుక బాగుంది" అనుకోవడానికి వీలులేదు. తెల్లబడితే ఎండ తగిలిందని తెలుస్తుంది. తెల్లబడకపోతే ఏమీ తెలియదు. సీసా ఎక్కడ ఉంచామో మనకే గుర్తుండాలి.

తేటగా కనబడినంత మాత్రాన శుభ్రంగా ఉన్నట్లు కాదని లోకమంతటికీ తెలిసిన సంఘటన ఒకటి 2023లో జరిగింది. మన దేశంలో తయారై అమెరికాకు వెళ్ళిన కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ చుక్కలతో సంబంధం ఉన్న సూడోమోనాస్ క్రిమి అక్కడ 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. 14 మందికి చూపు పోయింది. నలుగురికి కన్ను తీసివేయవలసి వచ్చింది. నలుగురు మరణించారు. అది ఎండవల్ల వచ్చినది కాదు, శుభ్రత లోపం వల్ల వచ్చినది. అయినా మనకు పాఠం ఒకటే. కంటి చుక్కల్లో క్రిమి చేరితే కంటికి కనిపించదు.

మాత్రల్లోనూ ఇదే పదార్థం

షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్. వంటి, మెల్లగా కరిగే మాత్రలు చాలావాటిలో హైప్రోమెలోజ్ ఉంటుంది. కడుపులో నీరు పీల్చుకుని మాత్ర చుట్టూ జిగురు పొర ఏర్పడుతుంది. ఆ పొర గుండా మందు కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ఇది వేడికి గడ్డకట్టడం కాదు, నీటికి ఉబ్బడం. అటువంటి మాత్రను నలిపి మింగితే పొర ఏర్పడదు, మందంతా ఒకేసారి దిగుతుంది. అందుచేత నలపరాదు, నమలరాదు. వేడి కాఫీతో కాక మంచినీళ్ళతో వేసుకోండి. కొందరికి మెత్తని మాత్ర ఆకారం విరేచనంలో కనిపిస్తుంది. అది మందు వదిలేసిన ఖాళీ పొర, భయపడనక్కరలేదు.

గుర్తుంచుకోవలసినవి

1. చుక్కల సీసాను వాహనంలో, పనిముట్ల పెట్టెలో, కిటికీలో, పొయ్యి దగ్గర, టీవీ మీద పెట్టరాదు. ఇంట్లో నీడపట్టున, గాలి తగిలేచోట ఉంచండి.

2. అట్ట మీద ఎన్ని డిగ్రీల లోపు ఉంచాలో రాసి ఉంటుంది. చాలావాటికి 25 లేదా 30 డిగ్రీలు. చదవడం రాకపోతే ఫార్మసీలో అడగండి.

3. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టవచ్చు. ఐసు గడ్డకట్టే పై అరలో పెట్టరాదు. వేసుకునే ముందు పిడికిట్లో ఒక నిమిషం పట్టుకుంటే చల్లదనం తగ్గుతుంది. వేడినీళ్ళలో ముంచరాదు.

4. ఫ్రిజ్ లేనివారు సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, మంచినీళ్ళ కుండ పక్కన తడి ఇసుకలో ఉంచండి. నీళ్ళు సీసాకు తగలకూడదు.

5. పనిలోకి వెళ్ళేవారు సీసాను అన్నం క్యారియరుతో కలిపి పెట్టకండి. నీళ్ళ బాటిలు సంచిలో, నీడలో ఉంచండి. చుక్కలు రోజుకు రెండు మూడుసార్లే అయితే సీసాను ఇంట్లోనే ఉంచి, పనికి వెళ్ళేముందూ వచ్చాకా వేసుకోవచ్చేమో డాక్టరుగారిని అడగండి.

6. తెల్లబడినా, పీచులు తేలినా, రంగు మారినా, ఎండలో ఉడికిందని తెలిసినా పారవేయండి. మళ్ళీ తేటపడినా సరే.

7. మూత తీసిన తేదీని సీసా మీద రాయండి. అట్ట మీద వేరే గడువు లేకపోతే నెల దాటాక వాడరాదు. సీసా మూతి కంటికి గాని, వేలికి గాని తగలనీయకండి. ఒకరి సీసా ఇంకొకరు వాడరాదు.

8. గ్లకోమా ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. లాటానోప్రోస్ట్ వంటి చుక్కలను మూత తీయకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండకు పాడైనా అవి చూడడానికి ఏమీ తేడా ఉండదు. కంటి ఒత్తిడి మాత్రం తెలియకుండా పెరుగుతుంది.

9. వెల్డింగ్ వెలుగు తగిలి కొన్ని గంటల తరువాత కన్ను మండినా, గ్రైండింగ్ రవ్వ పడినా, చూపు మసకబారినా, కన్ను ఎర్రబడి నొప్పి చేసినా, కృత్రిమ కన్నీళ్ళు వేసుకుని ఊరుకోకండి. తోటివారి చేత అగ్గిపుల్లతోనో గుడ్డ కొసతోనో తీయించుకోకండి. వెంటనే కంటి డాక్టరు దగ్గరకు రండి. పెద్ద ఇబ్బంది అయితే మనకు దగ్గరలోనే తాడిగడపలో 2011లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఆసుపత్రి కూడా ఉంది.

ఒక సీసా పారవేయాలంటే కూలికి వెళ్ళేవారికి మనసొప్పదు, అది నాకు తెలుసు. ఖర్చు భారమైతే ఓపీలో చెప్పండి, తక్కువ ధరలో దొరికేది రాయించుకోవచ్చు. ఆ సీసా ఖరీదు కంటికంటే ఎక్కువ కాదు. ఈ కాగితం ఇంట్లో చుక్కలు వేసుకునే పెద్దవారికి చదివి వినిపించండి. చదివాక ఒకసారి లేచి, మీ ఇంట్లో మందుల సీసాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, ఎండ తగిలేవాటిని నీడకు మార్చండి.